కర్రి ఎందుకు గోక్కుంటోంది? ఏడు నెలలుగా కారణం తేలడం లేదు

గోదావరిగట్టు | ఏప్రిల్ 6

అందరికీ నమస్కారం. మాది రాజమహేంద్రవరం. మా కర్రి నాలుగేళ్ల ఆడకుక్క, నాటు జాతి, 17 కిలోల బరువు. ఒళ్లంతా నలుపు కాబట్టి మా అత్తయ్యగారు కర్రి అని పిలిచారు, అదే పేరుగా నిలిచిపోయింది. గత సెప్టెంబరు నుంచి అది గోక్కుంటూనే ఉంది. ముందు కాళ్ల వేళ్ల సందులు నాకి నాకి అక్కడి వెంట్రుకలు తుప్పు రంగుకు తిరిగాయి. పొట్ట కింద, గజ్జల్లో చర్మం కందిపోయింది. చెవులు విదిలిస్తుంది. రాత్రి రెండు గంటలకు దాని మెడపట్టీ గంట మోగితే ఇంట్లో అందరికీ మెలకువ వస్తుంది. ఆ చప్పుడు వింటూ పడుకోవడం నా వల్ల కావడం లేదు. లేచి వెళ్లి దాని పక్కన కూర్చుంటాను. నా చేతిలో కాలు పెట్టి కాసేపు ఆగుతుంది, మళ్లీ మొదలుపెడుతుంది.

సెప్టెంబరులో షాంపూ మార్చాం, తగ్గలేదు. అక్టోబరులో వేపాకు కాచిన నీళ్లతో స్నానం మొదలుపెట్టాం. అదే వారం మావారు సంచిలో వచ్చే గుళికల మేత వేరే రకం తెచ్చారు. తగ్గింది. వేపాకు గుణమని అత్తయ్యగారు, మేత గుణమని మావారు. మూడు వారాల్లో మళ్లీ మొదటికి వచ్చింది. నవంబరులో ఒక ఆసుపత్రిలో ఇంజెక్షన్ చేశారు. పది రోజులు కర్రి హాయిగా నిద్రపోయింది, పదకొండో రోజు నుంచి యథాప్రకారం. డిసెంబరులో, కోడిమాంసం వేడి చేస్తుందని వీధిలో అందరూ అంటే మాన్పించాం. నేల తుడవడానికి వాడే ఫినాయిలు కూడా అప్పుడే మానేశాను. కొంచెం తగ్గింది. సంక్రాంతి నాటికి మళ్లీ పెరిగింది.

తినేది చెబుతాను: పొద్దున గుళికల మేత, మధ్యాహ్నం పెరుగన్నం, రాత్రి అన్నంలో కోడిగుడ్డో పప్పో. సాయంత్రం అత్తయ్యగారు టీ తాగేటప్పుడు రెండు బిస్కెట్లు. పండగలకు మేక మాంసం. చేప ఎప్పుడూ పెట్టలేదు, ముల్లు గుచ్చుకుంటుందని నా భయం.

నేను పోస్టాఫీసు కౌంటరులో పనిచేస్తాను. సాయంత్రం లెక్కలో పది రూపాయల తేడా వస్తే అది దొరికేదాకా కుర్చీలోంచి లేవం. కర్రి విషయంలో ఏడు నెలలు గడిచినా ఒక్క పద్దు రాసుకోలేదని ఈ రోజే తట్టింది. మందు పేర్లు అడగడం లేదు, అవి డాక్టరు చెబుతారు. ఇన్ని అనుమానాల్లో అసలు కారణం ఏదో ఇంట్లో ఉండి తేల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా?

సైన్సుమాస్టారు | ఏప్రిల్ 7

అమ్మా, నేను ముప్పై ఒక్క ఏళ్లు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను. మా ఇంటి కుక్క రంగడు రెండేళ్లు ఇలాగే బాధపడ్డాడు. అందుకే వివరంగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

మీరు రాసినదానిలో "అదే వారం" అన్న మాట దగ్గర ఆగిపోయాను. ఒకే వారంలో రెండు మార్పులు చేస్తే ఆ వారం మీకు ఏమీ చెప్పదు. అక్టోబరు అలా పోయింది, డిసెంబరూ అలాగే పోయింది. కోడిమాంసం మాన్పించామన్నారు కదా, ఆ గుళికల సంచి వెనక పదార్థాల పట్టీ ఒకసారి చదవండి. అందులో చికెన్ ఉంటే మీరు కోడిమాంసం మాన్పించనే లేదు.

ఇంకొక చిక్కు ఉంది. గోకుడు అలలాగా పెరుగుతుంది, తగ్గుతుంది. మనం మందు వేసేది ఎప్పుడు? మరీ ఎక్కువైనప్పుడే. అల శిఖరం మీద ఉన్నప్పుడు ఏం చేసినా, అసలు ఏమీ చేయకపోయినా, తరువాత అది దిగుతుంది. ఆ దిగడాన్ని తీసుకెళ్లి వేపాకు ఖాతాలో జమ చేస్తాం. రంగడికి నేను మూడుసార్లు వేపనూనె రాశాను, మూడుసార్లూ తగ్గింది. నాలుగోసారి కావాలనే రాయకుండా ఊరుకున్నాను. అప్పుడూ అన్ని రోజుల్లోనే తగ్గింది. ఆ రోజు నాకు చాలా బాధ కలిగింది, ఎందుకంటే వేపనూనె మీద నమ్మకంతో అసలు కారణం వెతకకుండా ఏడాది గడిపేశాను.

మన కంటిని కూడా పూర్తిగా నమ్మకూడదు. కీళ్లవాపుతో కుంటే కుక్కల మీద జరిగిన ఒక పరిశీలన 2012లో అమెరికా పశువైద్య సంఘం పత్రికలో వచ్చింది. మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన కుక్కలు కూడా బాగా నడుస్తున్నాయని వాటి యజమానులు చెప్పారు. పాదం నేల మీద మోపే బలాన్ని కొలిచే యంత్రం మాత్రం చాలా కుక్కల్లో ఏ మార్పూ చూపలేదు. ప్రేమ ఉన్నచోట ఇలా జరుగుతుంది. అంతకు నూరేళ్ల ముందు బెర్లిన్‌లో హన్స్ అనే గుర్రం గిట్టతో నేల తట్టి కూడికలు, తీసివేతలు చెప్పేది. దాని యజమాని ఫాన్ ఓస్టెన్ లెక్కల మాస్టారు, నిజాయితీపరుడు. 1904లో పండితుల బృందం చూసి మోసం ఏమీ లేదని తేల్చింది. తరువాత ఆస్కార్ ఫుంగ్‌స్ట్ అనే పరిశోధకుడు జవాబు తెలియని మనిషి చేత ప్రశ్న అడిగించాడు. గుర్రం తప్పింది. అడిగే మనిషి కనబడకుండా చేశాడు, అప్పుడూ తప్పింది. సరైన సంఖ్య రాగానే ఎదుటి మనిషి తల, భుజాలు తెలియకుండానే కదిలేవి, గుర్రం దాన్ని చూసి ఆగేది. ఈ పాఠం ఎనిమిదో తరగతి పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. జవాబు ముందే తెలిసినవాళ్లు కొలవకూడదు.

ఇక మీ పని. రేపటి నుంచి రెండు వారాలు ఏదీ మార్చకండి. ఇది అన్నిటికంటే కష్టమైన భాగం, కానీ కర్రి మామూలు రోజు ఎలా ఉంటుందో తెలియకపోతే తగ్గిందో పెరిగిందో దేనితో పోల్చి చెబుతారు? రోజూ ఒకే వేళ, ఒకే చోట, ఇరవై నిమిషాలు ఫోనుతో వీడియో తీయండి. గోకినా, నాకినా, కొరుక్కున్నా ఒక్కొక్కటి ఒక లెక్క. మధ్యలో ఐదు సెకన్లు ఆగి మళ్లీ మొదలుపెడితే కొత్త లెక్క. ఈ నియమం ముందే రాసిపెట్టుకోండి, తరువాత మార్చకండి. వీలైతే వీడియోలు కలగాపులగం చేసి, తేదీలు తెలియని మనిషితో లెక్కపెట్టించండి.

చిట్టాలో ఎడమ పేజీ మీద అనుమానం, దాని పక్కనే "ఇది నిజమైతే ఏం కనబడాలి, అబద్ధమైతే ఏం కనబడాలి" అని పని మొదలుపెట్టకముందే రాయండి. ఏం కనబడినా సరిపోయే అనుమానం ఎందుకూ పనికిరాదు. ఒకసారికి ఒక్కటే మార్చండి. తగ్గితే సంతోషించి ఊరుకోకుండా, మార్చినదాన్ని తిరిగి పెట్టి మళ్లీ వస్తుందా చూడండి.

మొదటి పరీక్ష ఈ రాత్రే చేయవచ్చు. తెల్లగుడ్డ తడిపి పరిచి, కర్రిని దాని మీద నిలబెట్టి సన్నపళ్ల దువ్వెనతో తోక మొదలు దగ్గర దువ్వండి. నల్లటి నలుసులు రాలితే కొంతసేపు ఆగండి. మట్టి అయితే మట్టిరంగులోనే ఉంటుంది. కుక్కపేల (ఎగిరి దూకే రకం, ఇంగ్లీషులో ఫ్లీ అంటారు) రెట్ట అయితే చుట్టూ ఎర్రటి మరక దిగుతుంది, అది అరిగిన రక్తం. మా రంగడి సమస్య అలా బయటపడింది. రెండేళ్ల బాధకు జవాబు ఒక తడిగుడ్డ మీద దొరికింది.

పసుపుకొమ్మ | ఏప్రిల్ 7

మాస్టారు గారూ, మీరంటే గౌరవమే. కానీ నోరులేని జీవి బాధపడుతుంటే రెండు వారాలు ఏమీ చేయకుండా లెక్కలు రాసుకోమనడం నాకు నచ్చలేదు. మా తెనాలిలో కుక్కకు పసుపు, కొబ్బరినూనె కలిపి రాస్తే వారంలో తగ్గింది. నా కళ్లతో చూశాను.

సైన్సుమాస్టారు | ఏప్రిల్ 7

మీరు చూసింది నిజమే, నేను కాదనను. ఒక్కటి అడుగుతాను. రాసింది గోకుడు బాగా ఎక్కువైన వారంలోనేనా? తరువాత మళ్లీ వచ్చినప్పుడు రాయకుండా ఎప్పుడైనా చూశారా? ఆ రెండో జవాబు ఉంటే పసుపు గురించి మనిద్దరికీ గట్టిగా తెలిసేది. ఇక రెండు వారాల మాటకొస్తే, పుండు పడితే, చీము కారితే లెక్క పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి పోవలసిందే. ఏడు నెలలు ఊహలతో పోగొట్టుకున్నాక రెండు వారాలు ఎక్కువ కాదని నా అభిప్రాయం.

పశువైద్యురాలు | ఏప్రిల్ 8

మాస్టారు గారి పద్ధతితో ఏకీభవిస్తున్నాను. వైద్యం వైపు నుంచి కొన్ని మాటలు చేరుస్తాను.

పేల దురద ఎక్కువగా నడుము వెనక, తోక మొదలు, తొడల వెనక కనబడుతుంది. మీరు చెప్పిన పాదాలు, పొట్ట, గజ్జలు, చెవులు ఆహారం పడకపోవడం వల్ల గానీ, గాలిలోని పుప్పొడి, దుమ్ము పడకపోవడం వల్ల గానీ వచ్చే దురదను గుర్తు చేస్తున్నాయి. ఈ రెంటినీ కంటితో చూసి విడదీయలేం. అయినా పేల మందు ముందు వేయించండి. దువ్వెనకు ఏమీ దొరకనంత మాత్రాన పేలు లేవని కాదు. దురద ఉన్న కుక్క వాటిని నాకి మింగేస్తుంది. పైగా పేల సంతతిలో ఎక్కువ భాగం గుడ్లుగా, పురుగులుగా చాపల్లోనూ నేల సందుల్లోనూ ఉంటుంది. మందు మెడ మీద చుక్కలుగా వేసే రకం అడగండి. నమిలే మాత్రల్లో మాంసపు రుచి కలిపినవి ఉంటాయి, అవి తరువాత చేసే ఆహార పరీక్షను పాడుచేస్తాయి.

చర్మం మీద బ్యాక్టీరియా, ఈస్టు (కంటికి కనబడని ఒక రకం బూజు) పెరిగి ఉంటే వాటికి ముందు చికిత్స కావాలి, లేకపోతే అసలు కారణం తీసేసినా దురద కొనసాగుతుంది. మీ నవంబరు ఇంజెక్షన్ బహుశా స్టెరాయిడ్. అది ఏ కారణం వల్ల వచ్చిన దురదనైనా కొంతకాలం అణుస్తుంది, కాబట్టి అది పనిచేయడం వల్ల కారణం తెలియదు.

ఆహారం పడకపోవడాన్ని రక్తపరీక్షతో నమ్మకంగా తేల్చలేం. దారి ఒక్కటే: కుక్క ఇంతవరకు తినని ఒక మాంసం, ఒక పిండిపదార్థం మాత్రమే ఎనిమిది వారాలు పెట్టడం. ఆహారం వల్ల దురద వచ్చే కుక్కల్లో నూటికి తొంభైకి పైగా ఆ గడువులోపు తేరుకుంటాయి. కర్రికి మీరు చేప పెట్టలేదు, అది మీ అదృష్టం. కొర్రమీను ఉడికించి ముళ్లు తీసి, చిలగడదుంపతో పెట్టండి. వేరే ఏదీ వద్దు, ఒక్క బిస్కెట్ ముక్క కూడా వద్దు. పెద్ద కుక్క కాబట్టి ఆ కొద్దికాలం ఫరవాలేదు. కుక్కపిల్లలకు ఇలా చేయకూడదు. తగ్గితే పాత పదార్థాలు ఒక్కొక్కటిగా రెండేసి వారాలు తిరిగి పెట్టాలి. ఆ భాగం చేయకుండా ఆపేసేవాళ్లే ఎక్కువ. వాళ్ల కుక్కలు ఏది పడదో తెలియక జీవితాంతం అన్నీ మానుకుని బతుకుతాయి.

అందరికీ ఒక విన్నపం. దురదకు కిరోసిన్, వాడేసిన ఇంజిన్ ఆయిల్ రాసిన కుక్కలను నేను చూశాను. కుక్క తన ఒంటిని నాకుతుంది, రాసిందంతా కడుపులోకి పోతుంది. దయచేసి అలా చేయకండి.

గోదావరిగట్టు | జూన్ 17

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. అన్నీ చెప్పినట్లే చేస్తున్నాం. గుళికల సంచి చూశాను. చికెన్, చికెన్ పొడి, పాలపొడి అన్నీ ఉన్నాయి. మాస్టారు గారు అన్నది నిజం.

మొదటి రెండు వారాలు ఏమీ మార్చలేదు. రోజూ రాత్రి 8 గంటలకు హాల్లో గోడ పక్కన చాప వేసి వీడియో. సగటున ఇరవై నిమిషాలకు 13 సార్లు. తడిగుడ్డ మీద ఎర్రమరక రాలేదు. ఇక్కడి డాక్టరు గారు పేల చుక్కలు వేసి, చర్మం మీద ఈస్టు ఉందని మూడు వారాలు మందు ఇచ్చారు. 13 కాస్తా 9 అయింది, అక్కడే నిలబడింది. మే 13న చేప, చిలగడదుంప మొదలు. రెండో వారం చివరికి 8. నాలుగో వారం చివరికి 5. రాత్రి గంట మోగడం వారానికి ఒకటి రెండు సార్లకు తగ్గింది. నేను ఏడ్చేశాను.

ఐదో వారంలో, జూన్ 12 నుంచి, వరసగా 9, 10, 9. పాదాలు మళ్లీ ఎరుపెక్కాయి. ఆహారం వల్ల కాదేమో, ఇంత కష్టం వృథా అయిందేమో అనిపించింది. చిట్టా ముందేసుకుని కూర్చున్నాను. తినే గడిలో చేప, దుంప తప్ప ఏమీ లేదు. కానీ ఇంట్లో జరిగినవన్నీ కూడా రాస్తున్నాను కదా, జూన్ 11 కింద నా చేతిరాతలోనే ఉంది: "అత్తయ్యగారు వెన్న కాచారు."

వెళ్లి అడిగాను. నెయ్యి వడకట్టాక గిన్నె అడుగున మిగిలే గసి కర్రికి ఇష్టం, నాలుగేళ్లుగా ఆ గిన్నె దానిదే. అన్నం పెట్టొద్దన్నారు కానీ గిన్నె నాకనివ్వొద్దని ఎవరూ అనలేదు కదా అన్నారు. ఆవిడ మాటలో తప్పు లేదు. నేను చెప్పలేదు.

మాస్టారు గారూ, దీన్ని ఎలా అర్థం చేసుకోవాలి?

సైన్సుమాస్టారు | జూన్ 17

అమ్మా, మీరు ఒక్క అక్షరం కొట్టివేయకుండా రాసుకున్నారు, అందుకే దొరికింది. వెన్న కాచినప్పుడు కొవ్వు నెయ్యిగా పైకి తేలుతుంది. పాలలోని మాంసకృత్తులు అడుగున మాడి గసిగా మిగులుతాయి. అంటే మీ కర్రి ఆ రోజు నాకింది చిక్కటి పాల మాంసకృత్తులు. ఇంతవరకు మనందరం కోడిని అనుమానిస్తున్నాం. ఇప్పుడు ఎడమ పేజీలో పాలను కూడా రాయండి, దేనికి ఏం కనబడాలో ముందే రాయండి. అయితే ఇది ఒక్కసారి జరిగింది, అనుకోకుండా జరిగింది. దీన్ని సూచనగా మాత్రమే తీసుకోండి, తీర్పుగా వద్దు.

పశువైద్యురాలు | జూన్ 18

ప్రచురితమైన కేసుల్లో కుక్కలకు పడని పదార్థాల్లో గొడ్డుమాంసం, పాల పదార్థాలు, కోడిమాంసం, గోధుమ ముందు వరసలో ఉంటాయి. కాబట్టి పాలను అనుమానించడం సబబే. ఎనిమిది వారాలకు ఇంకో రెండు వారాలు కలపండి. తరువాత ముందు కోడి, ఆ తరువాత పెరుగు. తిరగబెట్టిన రోజునే ఆపేయండి. గసితో ఒకసారి అయింది కాబట్టి పెరుగుతో ఒక్కసారి చాలు, మళ్లీ మళ్లీ దాన్ని బాధపెట్టనక్కర్లేదు.

గోదావరిగట్టు | ఆగస్టు 24

అందరికీ నమస్కారం. తేలింది.

జులై 21 నాటికి లెక్క 2కు వచ్చింది. 22 నుంచి రెండు వారాలు చేపతో పాటు ఉడికించిన కోడిమాంసం. రోజువారీ లెక్క 2, 3, 2, ఒక్కరోజు 4. అంతే. వీధి వీధంతా వేడి అని తిట్టిన కోడి ఏ పాపమూ చేయలేదు. ఆగస్టు 5న కోడి ఆపి రెండు చెంచాల పెరుగు మొదలుపెట్టాం. మూడో రోజు 8. నాలుగో రోజు 11. ఆ రోజే ఆపేశాం. తరువాత 10, 9, 8, అలా దిగుతూ 19వ తేదీకి మళ్లీ 3.

వీడియోల విషయంలో నా లెక్క ఒక్కదాన్నే నమ్ముకోలేదు. మావారు ఈ కోడి, పెరుగు పరీక్షల నాటి ముప్పై వీడియోలకు తేదీలు తీసేసి, వరస మార్చి, అంకెలు పెట్టి విశాఖలో చదువుతున్న మా మేనకోడలికి పంపారు. తనకు కోడి మీదే అనుమానం, గట్టిగా వాదించేది కూడా. తన చిట్టాలో 7 దాటిన వీడియోలు ఐదు. తేదీలు కలిపి చూస్తే ఐదూ ఆగస్టు 7 నుంచి 11 లోపువే. ఫోనులో తను చాలాసేపు మాట్లాడలేదు.

అత్తయ్యగారి గురించి చెప్పాలి. నాలుగేళ్లుగా మధ్యాహ్నం తను భోజనానికి కూర్చునే ముందు మొదటి పెరుగన్నం ముద్ద కర్రికి పెట్టేవారు. ఆ ముద్దే దానికి కష్టం తెచ్చిందని చెప్పడానికి నాకు నోరు రాలేదు. జులై వీడియో ఒకటి, ఆగస్టు 8 వీడియో ఒకటి పక్కపక్కన చూపించాను. ఒకదానిలో కర్రి చాప మీద వెల్లకిలా పడుకుని నిద్రపోతోంది. రెండోదానిలో కాలు కొరుక్కుంటోంది. రెండూ పూర్తిగా చూసి, "అయితే మధ్యాహ్నం దానికి ఏం కలపమంటావు?" అని మాత్రం అడిగారు. ఇప్పుడు చిలగడదుంప మెత్తగా మెదిపి కోడి ఉడికించిన నీళ్లు పోసి తనే కలుపుతున్నారు. మొదటి ముద్ద ఇప్పటికీ దానిదే. వెన్న కాచిన గిన్నెలో వెంటనే నీళ్లు పోసేస్తున్నారు. బిస్కెట్ల పొట్లం మీద పాలపొడి అని ఉన్నది తనే చదివి నాకు చూపించారు.

పసుపుకొమ్మ గారూ, మీరు అన్న మాట నేను మరిచిపోలేదు. మొదటి రెండు వారాలు నిజంగానే కష్టమయ్యాయి, రాత్రిళ్లు దాని పక్కనే పడుకున్నాను. ఆ 13 అన్న అంకె లేకపోతే మాత్రం 9 దగ్గరే మందు పనిచేసిందని సంబరపడి ఆగిపోయేదాన్ని.

డాక్టర్ గారూ, గోధుమ, కోడిగుడ్డు ఇంకా పరీక్షించాలి, ఒక్కొక్కటి రెండు వారాల చొప్పున చేస్తాం. బాగా వడకట్టిన నెయ్యి చుక్క కూడా వద్దంటారా? ఇంకొక విషయం. ఎడమ చెవి విదిలించడం మాత్రం పెరుగు ఆపినా తగ్గలేదు. పాదాల లెక్కలో అది కలిసిపోయి ఇన్నాళ్లు గమనించలేదు. కుడి చెవి బాగానే ఉంది. ఆహారమే కారణమైతే రెండు చెవులకూ ఉండాలేమో అని నా అనుమానం. శనివారం చెవి చూపించడానికి తీసుకెళ్తున్నాం, ఈ రాత్రి నుంచి ఎడమ చెవికి వేరే పేజీ మొదలుపెడుతున్నాను.